భానుమతి నుంచి పాయల్ కపాడియా దాకా: మన సినిమాల్లో ఆడ డైరెక్టర్ల గురించి మాట్లాడుకుందాం రండి

తెనాలి_సుభద్ర

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో "తెలుగులో లేడీ డైరెక్టర్లు ఎవరున్నారు, నందినీరెడ్డి తప్ప?" అని అడిగారు. సినిమా అంటే చెవి కోసుకునే గ్రూపు అది, ఓపెనింగ్స్ లెక్కలు రూపాయితో సహా చెప్పేస్తారు, అలాంటిది విజయనిర్మల పేరు బయటికి రావడానికి అరగంట పట్టింది. భానుమతి డైరెక్టర్ అని చెబితే ఒకాయన "ఆవిడ హీరోయిన్ కదండీ" అన్నాడు! అందుకే ఈ థ్రెడ్. తెలుగుతో మొదలుపెడదాం, తర్వాత మిగతా భాషలకి వెళ్దాం. అవార్డుల జాబితాలు కాపీ కొట్టి పెట్టకండి, మీరు చూసిన సినిమా గురించి, మీకు తెలిసిన సంగతి గురించి రాయండి. తిట్టాలనిపిస్తే తిట్టండి కూడా, పూజలు చేయడానికి కాదు ఇది.

విజయనగరం_మాస్టారు

సుభద్రమ్మా, మంచి పని చేశావు. భానుమతితోనే మొదలుపెడతాను, ఆవిడని దాటి వెళ్తే ఆవిడే ఊరుకోదు.

1953లో 'చండీరాణి'. అప్పటికి భానుమతికి ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఆ సినిమా తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. డబ్బింగ్ కాదు బాబూ, మూడు భాషల్లోనూ షూటింగే. డైరెక్షన్ ఆవిడది, ద్విపాత్రాభినయం ఆవిడది, పాటలు ఆవిడవి, ఎదురుగా హీరో ఎన్టీఆర్. ఈ రోజుల్లో పాన్ ఇండియా అని పోస్టర్ మీద ఐదు భాషల్లో పేరేసుకుంటే పండగ చేసుకుంటున్నారు, ఆవిడ ఆ మాట పుట్టకముందే చేసేసి ఇంటికెళ్ళి కథలు రాసుకుంది. 'అత్తగారి కథలు' రాసిన చెయ్యి, మెగాఫోన్ పట్టిన చెయ్యి ఒకటే అని చాలామంది మర్చిపోతారు.

ఆ ఒక్కదానితో ఆపలేదు కూడా. 1972లో 'అంతా మన మంచికే', ఆ తర్వాత 'అమ్మాయి పెళ్ళి', 1982లో పిల్లల్ని మాత్రమే పెట్టి 'భక్త ధ్రువ మార్కండేయ'. 'అంతా మన మంచికే'లో 'నేనే రాధనోయి' పాట ఇప్పటికీ పెళ్ళి సంగీత్‌లలో పాడుతున్నారు, ఆ పాట ఉన్న సినిమాకి డైరెక్టర్ కూడా ఆవిడేనని చెబితే నమ్మరు.

అయితే ఒకటి. భానుమతికి భరణీ పిక్చర్స్ అని సొంత బ్యానర్ ఉంది, సొంత స్టూడియో ఉంది, భర్త రామకృష్ణారావు గారు స్వయంగా డైరెక్టర్. "నీకు డైరెక్షన్ ఇవ్వం" అనే మనిషే ఆవిడకి ఎదురుపడలేదు. ఆవిడ ముందు ఆ మాట అనే ధైర్యం ఎవరికి ఉండేదో అది వేరే సంగతి.

కృష్ణాభిమాని_గుడివాడ

మాస్టారూ నమస్కారం. మా విజయనిర్మల గారి దగ్గరకి నేను వస్తా. 44 సినిమాలు. గిన్నిస్ బుక్‌లో 2002లో ఎక్కింది, ప్రపంచంలో ఏ ఆడమనిషీ అన్ని సినిమాలు డైరెక్ట్ చేయలేదని. ఇది మనవాళ్ళకి చెప్పుకోవడం కూడా రాదు, అదే వేరే భాష వాళ్ళయితే ఊరికో విగ్రహం పెట్టేవాళ్ళు.

మొదట 1973లో మలయాళంలో 'కవిత', అదే ఏడాది తెలుగులో 'మీనా', యద్దనపూడి సులోచనారాణి గారి నవల. ఒక రచయిత్రి నవల, ఒక నటి డైరెక్షన్, హీరోయిన్ కూడా ఆవిడే. మా అమ్మ, పిన్ని ఆ నవల సీరియల్‌గా వచ్చినప్పుడు చదివినవాళ్ళు, సినిమాకి వెళ్ళొచ్చి వారం రోజులు దాని గురించే మాట్లాడుకున్నారంట. తర్వాత చూడండి: నాగేశ్వరరావు, కృష్ణ ఇద్దర్నీ కలిపి 'హేమాహేమీలు', రజనీకాంత్‌తో 'రామ్ రాబర్ట్ రహీమ్', శివాజీ గణేశన్‌ని పట్టుకొచ్చి 'బెజవాడ బెబ్బులి'. శివాజీ గణేశన్‌కి "సార్ ఇంకో టేక్" అని చెప్పాలంటే ఎంత గుండె ధైర్యం కావాలో ఆలోచించండి.

మూడోరీలు

అందరూ భక్తిలో మునిగిపోయారు కాబట్టి ఒక చేదు ముక్క నేను వేస్తా. 44 సరే, అందులో ఇవాళ కూర్చుని చూడగలిగినవి ఎన్ని? ఎక్కువ భాగం కృష్ణ గారి డేట్స్ ఉన్నాయి కాబట్టి తీసిన మాస్ సినిమాలు. 'దేవదాసు' మళ్ళీ తీశారు 1974లో, పాత దేవదాసు నీడలో నలిగిపోయింది. గిన్నిస్ అనేది లెక్క, సినిమా కాదు. నా దృష్టిలో డైరెక్టర్ ఆడా మగా అన్నది ప్రేక్షకుడికి అనవసరం. టికెట్ కొన్నాను, సినిమా బాగుందా లేదా, అంతే. విడిగా కుర్చీ వేసి కూర్చోబెట్టి సన్మానం చేస్తే అది కూడా ఒక రకం చిన్నచూపే.

కృష్ణాభిమాని_గుడివాడ

నువ్వు 'హేమాహేమీలు' చూశావా తమ్ముడూ? చూడకుండా మాట్లాడకు.

తెనాలి_సుభద్ర

@మూడోరీలు గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే, కానీ అదే కొలబద్ద మగవాళ్ళకి పెట్టండి. డెబ్బైల్లో, ఎనభైల్లో నలభై, యాభై సినిమాలు తీసిన మగ డైరెక్టర్లు మనకి బోలెడుమంది. వాళ్ళవి అన్నీ కళాఖండాలా? కావు. హిట్టు కొట్టారు, ఫ్లాపులు తీశారు, మళ్ళీ ఛాన్స్ వచ్చింది, మళ్ళీ తీశారు. దాన్ని "కెరీర్" అంటాం. విజయనిర్మల గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది, ఆవిడ మామూలు సినిమాలు, ఫ్లాపు సినిమాలు కూడా తీసి మళ్ళీ సెట్‌కి వెళ్ళగలిగింది. ఆడ డైరెక్టర్ అంటే ఏదో సందేశం, ఏదో కన్నీళ్ళు అనుకునేవాళ్ళకి ఆవిడ ఫైట్లూ డ్యూయెట్లూ తీసి చూపించింది. ఆ హక్కు తర్వాత వచ్చినవాళ్ళకి దొరకలేదు, ఒక్క సినిమా పోతే చాలు, "ఆడవాళ్ళు హ్యాండిల్ చేయలేరు" అనే మాట రెడీగా ఉంటుంది.

ప్రేక్షకుడికి అనవసరం అన్నారు. ప్రేక్షకుడికి సరే, నిర్మాతకి అవసరమే కదా? అతను చూసేది అదే.

డల్లాస్_వరలక్ష్మి

సావిత్రి గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి! 'మహానటి' వచ్చాక కూడా ఆవిడ డైరెక్షన్ అంటే అందరికీ గుర్తొచ్చేది అప్పులే. 1968లో 'చిన్నారి పాపలు' తీసినప్పుడు ఆవిడ చేసిన పని చూడండి. సంగీతం పి.లీల, డాన్సులు రాజసులోచన, ఆర్ట్ డైరెక్షన్ మోహన, నిర్మాత కూడా మహిళే. ముఖ్యమైన శాఖలన్నీ వెతికి వెతికి ఆడవాళ్ళకే ఇచ్చింది. 1968లో అండీ! లీలగారిని గాయనిగా తప్ప సంగీత దర్శకురాలిగా ఊహించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అప్పట్లో?

తర్వాత 'మాతృదేవత', అందులో ఎన్టీఆర్, సావిత్రి, శోభన్‌బాబు. బాగా ఆడింది. కానీ 'మూగ మనసులు'ని తమిళంలో శివాజీతో 'ప్రాప్తం' అని తీసి పీకల్లోతు మునిగిపోయింది. మనవాళ్ళు కథ ఎలా చెబుతారంటే "డైరెక్షన్ జోలికి వెళ్ళి నాశనమైపోయింది పాపం" అని. సినిమా తీసి ఆస్తులు పోగొట్టుకున్న మగ హీరోలు లేరా? వాళ్ళని "సినిమా పిచ్చి, ధైర్యం" అంటారు. ఆవిడని మాత్రం పాపం అంటారు. ఈ "పాపం" మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

పాలమూరు_పిల్లోడు

వరలక్ష్మక్క చెప్పింది కరెక్టు 👏 నాకైతే ఇవేవీ తెల్వదు, నాకు తెలిసింది 2011 సంక్రాంతి తర్వాత 'అలా మొదలైంది'. నాని, నిత్యామీనన్. చిన్న సినిమా అని ఫ్రెండ్స్ తీస్కపోతే వెళ్ళిన, మళ్ళ రెండుసార్లు చూసిన. అందులో నిత్య పాత్ర హీరో కోసం ఎదురుచూస్తూ కూర్చునే బాపతు కాదు, తిక్కగా ఉంటది, తాగుతది, నవ్విస్తది, ఏడుస్తది, అన్నీ. ఆ టైమ్‌ల హీరోయిన్ అంటే పాటకి వచ్చి పోవుడే కదా. ఆ సినిమాకి నందినీరెడ్డికి నంది కూడా వచ్చింది కొత్త డైరెక్టర్‌గా. ఆ తర్వాత 'జబర్దస్త్' ఆడలే. మళ్ళా 'కళ్యాణ వైభోగమే', మధ్యల మూడేండ్లు. 'ఓ బేబీ' మాత్రం మా ఇంట్ల అమ్మమ్మతో సహా అందరు చూసిర్రు. కొరియన్ రీమేక్ అంటే నమ్మలే అమ్మమ్మ, "రాజమండ్రోళ్ళ కథ లెక్కనే ఉంది" అన్నది.

క్లాప్‌బోర్డు

చాలా రోజులుగా చదువుతూ ఊరుకునేదాన్ని, ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను. నేను డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తున్నాను, ఏ సినిమాలో ఎవరి దగ్గరో అడగకండి, చెప్పను.

మాస్టారు భానుమతి గురించి చివర్లో రాసిన ముక్క దగ్గరే అసలు విషయం ఉంది. భానుమతి, సావిత్రి, విజయనిర్మల ముగ్గురూ ముందు స్టార్లు. తర్వాత డైరెక్టర్లు. డబ్బో బ్యానరో పేరో, ఏదో ఒకటి వాళ్ళ చేతిలో ముందే ఉంది. తర్వాత జీవిత గారు తీసిన 'శేషు' లాంటివి కూడా ఇంటి బ్యానర్‌లోంచే వచ్చాయి. తప్పని కాదు, ఉన్న తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. కానీ మన ఇండస్ట్రీలో మగవాడు డైరెక్టర్ అయ్యే దారి వేరే. కృష్ణానగర్‌లో రూము, క్లాప్ కొట్టడం, కంటిన్యూయిటీ షీట్లు (షాటు షాటుకీ బట్టలూ వస్తువులూ మారకుండా రాసుకునేవి), అసిస్టెంట్, అసోసియేట్, కో-డైరెక్టర్, స్టోరీ సిట్టింగ్స్, ఎవరో ఒక హీరోకి నరేషన్, ఛాన్స్. ఈ నిచ్చెన ఆడపిల్లకి మొన్నమొన్నటి దాకా లేదు. స్టోరీ సిట్టింగ్ రాత్రి తొమ్మిదింటికి మొదలై రెండింటికి అవుతుంది, హోటల్ రూములోనో ఆఫీసులోనో. అందులో కూర్చోని అసిస్టెంట్‌కి కథ తెలియదు, కథ తెలియని అసిస్టెంట్‌కి సీను ఇవ్వరు, సీను రాయనివాడు ఎప్పటికీ కో-డైరెక్టర్ కాలేడు. మీకు అర్థమైందా ఎక్కడ ఆగిపోతామో?

నేను చేరిన కొత్తలో ఒక సినిమాకి ఔట్‌డోర్‌లో నన్ను హీరోయిన్ కాస్ట్యూమ్ కంటిన్యూయిటీ చూసుకోమన్నారు, రెండో సినిమాలోనూ అదే, మూడోదాంట్లోనూ అదే. "అమ్మాయివి కదా, చీరలు నీకు తెలుస్తాయి" అంట. నాకు లెన్సులు తెలుసు, చీరలు తెలియవు. ఔట్‌డోర్‌లో బాత్రూమ్ సంగతి రాయాలంటే ఇంకో థ్రెడ్ కావాలి. కారవాన్ హీరోహీరోయిన్లకి, మాకు మాత్రం పక్క ఊళ్ళో ఎవరింటి తలుపో కొట్టాలి, లేదా నీళ్ళు తాగడం మానేయాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఎండలో పరిగెత్తే మనిషి "ప్యాషన్" నిరూపించుకోవాలంట మళ్ళీ.

నందినీరెడ్డి గారు ఈ నిచ్చెన ఎక్కి వచ్చినవారు. గంగరాజు గారి 'లిటిల్ సోల్జర్స్' తొంభైల్లో, అక్కడ మొదలుపెట్టి 2011లో సొంత సినిమా. పదిహేనేళ్ళు! అందుకే మాలాంటివాళ్ళకి 'అలా మొదలైంది' ఒక హిట్ సినిమా మాత్రమే కాదు.

తెనాలి_సుభద్ర

క్లాప్‌బోర్డు గారూ, దండం. మీరు వచ్చారు, ఇక థ్రెడ్‌కి అర్థం వచ్చింది.

మూడోరీలు

క్లాప్‌బోర్డు రాసింది రెండుసార్లు చదివాను. నిచ్చెన గురించి చెప్పింది ఒప్పుకుంటాను, అది నిర్మాతల, సెట్టుల సమస్య. కానీ సినిమాని సినిమాగా తూచాలన్న మాట మీద అలాగే ఉన్నాను. ఉదాహరణకి సుధ కొంగర. ఆవిడని నేను ఏ ప్రత్యేక కుర్చీ లేకుండా దేశంలో మంచి కమర్షియల్ డైరెక్టర్లలో ఒకరిగా లెక్కేస్తాను. 'ఇరుది సుట్రు' బాక్సింగ్ సీన్లు, 'సూరరై పోట్రు'లో ఆ ఎయిర్‌పోర్టులో అడుక్కునే సీను. 68వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, నేపథ్య సంగీతం, ఐదు కొట్టింది. తెలుగింటి మనిషి. మరి మొదటి సినిమా 'ఆంధ్రా అందగాడు' 2008లో తెలుగులో తీస్తే మనం పట్టించుకున్నామా? తమిళంవాళ్ళు నెత్తిన పెట్టుకున్నాక అదే 'ఇరుది సుట్రు' మనకి 'గురు' అని వెంకటేష్‌తో వచ్చింది.

డల్లాస్_వరలక్ష్మి

అక్కడే కదా మీ వాదన మీకే అడ్డం తిరిగేది 😄 2010లో 'ద్రోహి' తమిళంలో కూడా ఆడలేదు. ఆ తర్వాత 2016 దాకా ఆవిడ సినిమా లేదు. ఆరేళ్ళు. బాక్సర్ల కథ పట్టుకుని అన్నేళ్ళు తిరిగితే మాధవన్ లాంటి హీరో పక్కన నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. ప్రతిభ ఉన్నవాళ్ళు ఎలాగైనా పైకి వస్తారు అంటారు చూడండి, పైకి రాని వాళ్ళు మనకి కనపడరు కాబట్టి ఆ మాట ఎప్పుడూ నిజంలాగే ఉంటుంది.

ఇంకోటి, సుధ కొంగర మొదటి స్క్రీన్‌ప్లే గుర్తుందా? రేవతి డైరెక్ట్ చేసిన 'మిత్ర్, మై ఫ్రెండ్', 2002. కెమెరా ఫౌజియా ఫాతిమా, ఎడిటింగ్ బీనా పాల్, సంగీతం భవతారిణి. అమెరికాలో కాపురం ఉండే శోభన, పెరిగిన కూతురు, ఇంట్లో ఒంటరితనం. ఇక్కడికి వచ్చిన కొత్తల్లో చూశాను, మా ఇంటి గురించి ఎవరో చాడీలు చెప్పినట్టు అనిపించింది. సావిత్రి 1968లో చేసినదే రేవతి మళ్ళీ 2002లో చేసింది, శాఖలన్నీ ఆడవాళ్ళకి ఇవ్వడం. సావిత్రి దగ్గర అప్పు తప్ప మిగల్లేదు, రేవతి సినిమాకి జాతీయ అవార్డులు వచ్చాయి. మధ్యలో ముప్పై నాలుగేళ్ళు.

విజయనగరం_మాస్టారు

దేశం మొత్తం చూస్తే ఇంకా వెనక్కి వెళ్ళాలి. 1926లో ఫాత్మా బేగం అని, సొంత కంపెనీ పెట్టి 'బుల్‌బుల్-ఎ-పరిస్తాన్' తీసింది. మూకీ. ఇప్పుడు ఆ సినిమా దొరకదు. ఆవిడ కూతురు జుబేదాయే తర్వాత మన మొదటి టాకీ 'ఆలమ్ ఆరా' హీరోయిన్.

దక్షిణాదికి వస్తే టి.పి.రాజలక్ష్మి. 1931 'కాళిదాస్' సినిమాలో హీరోయిన్, ఆవిడ తమిళంలో మాట్లాడితే హీరో తెలుగులో జవాబు చెప్పేవాడు, సినిమా చూసినవాళ్ళకి అదేమీ వింత అనిపించలేదు, బొమ్మ మాట్లాడటమే వింత! ఆ రాజలక్ష్మి 1936లో తన సొంత నవలనే 'మిస్ కమల'గా తీసింది, రచన, నిర్మాణం, దర్శకత్వం అన్నీ తనే. మనం చరిత్ర అంటే మొదటి హీరోని, మొదటి స్టూడియో ఓనర్‌ని గుర్తుపెట్టుకుంటాం, ఈవిడ పక్కకి జరిగిపోయింది.

ఆ తర్వాత నా వరకు అపర్ణా సేన్. '36 చౌరంగీ లేన్' 1981లో, ఒంటరి ఆంగ్లో ఇండియన్ టీచరు కథ. దానికి ఒకసారి, 'మిస్టర్ అండ్ మిసెస్ అయ్యర్'కి ఇంకోసారి ఉత్తమ దర్శకత్వానికి జాతీయ అవార్డు. అదే 1981లో సయీ పరాంజపే 'చష్మే బద్దూర్'. బ్రహ్మచారి కుర్రాళ్ళని అంత ప్రేమగా వెక్కిరించిన సినిమా నేను మళ్ళీ చూడలేదు. ఆడ డైరెక్టర్లకి హాస్యం రాదనేవాళ్ళు ఆ వాషింగ్ పౌడరు సీను చూడాలి.

పాలమూరు_పిల్లోడు

మాస్టారూ, రీమా దాస్ పేరు కూడా రాయున్రి. అస్సాంల తన ఊరు ఛయ్‌గావ్‌లనే 'విలేజ్ రాక్‌స్టార్స్' తీసింది, కెమెరా ఆమెనే, ఎడిటింగ్ ఆమెనే, పెద్ద యూనిట్ లేదు ఏం లేదు, ఊరి పిల్లలే నటులు. జాతీయ ఉత్తమ చిత్రం వచ్చింది, ఆస్కార్‌కి మన దేశం తరఫున పోయింది. క్లాప్‌బోర్డక్క చెప్పిన నిచ్చెననే పక్కకి పెట్టి గోడ దుంకింది ఆమె. మా పాలమూరుల గసొంటి ఊర్లు ఎన్ని లేవు, కెమెరా ఉన్న అమ్మాయి ఒక్కతి రావాలె.

క్లాప్‌బోర్డు

గోడ దూకడం అందరి వల్లా కాదు తమ్ముడూ, దానికి కూడా ఎవరో ఒకరు అన్నం పెట్టాలి. అందుకే నాకు కేరళ చేసిన పని నచ్చింది. అక్కడి ప్రభుత్వ ఫిలిం డెవలప్‌మెంట్ కార్పొరేషన్ మహిళా దర్శకుల కోసం ఒక పథకం పెట్టింది, ఎంపికైన స్క్రిప్ట్‌కి కోటిన్నర దాకా ఇస్తారు. 'నిషిద్ధో', 'బి 32 ముదల్ 44 వరె' అలా వచ్చినవే. రెండోది శ్రుతి శరణ్యం తీసింది, బ్రా సైజు పేరుతో సినిమా. మన దగ్గర ఏ నిర్మాతకైనా ఆ టైటిల్ చెప్పి చూడండి, టీ కూడా ఇవ్వకుండా పంపిస్తారు. అన్నీ గొప్ప సినిమాలు రాకపోవచ్చు, రావక్కర్లేదు కూడా, సుభద్ర గారు చెప్పినట్టు మామూలు సినిమా తీసే హక్కే ముందు కావాలి.

అదే కేరళలో, సినిమాల్లో ఆడవాళ్ళ పరిస్థితి మీద వేసిన హేమ కమిటీ రిపోర్టు 2019లో ఇచ్చి 2024 ఆగస్టులో బయటపెట్టారు. మన తెలంగాణలో కూడా సినిమా ఆడవాళ్ళ బృందం వాయిస్ ఆఫ్ విమెన్ వాళ్ళు వేసిన ఒత్తిడితో ఇలాంటి సబ్‌కమిటీ పెట్టారు, దాని రిపోర్టు 2022లో ప్రభుత్వానికి వెళ్ళింది. హేమ రిపోర్టు వచ్చినప్పుడు సమంత బహిరంగంగా అడిగింది, మనదీ బయటపెట్టండి అని. ఈ థ్రెడ్‌కీ దీనికీ సంబంధం ఏంటి అనకండి. సెట్‌లో భయం ఉన్నంత కాలం ఇంట్లో వాళ్ళు పంపరు, పంపకపోతే డైరెక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు?

మూడోరీలు

పథకం డబ్బుతో తీసిన సినిమా జనం చూస్తారా అన్నది నా అనుమానం. ప్రభుత్వం డబ్బు అనగానే ఎవరి సిఫార్సు అన్న ప్రశ్న కూడా వస్తుంది, మనవాళ్ళ సంగతి తెలియనిది కాదు.

పాయల్ కపాడియా సినిమా చూశాను గానీ. 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్', 2024లో కాన్స్ ఫిలిం ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రి. ముప్పై ఏళ్ళ తర్వాత అక్కడ ప్రధాన పోటీలోకి వెళ్ళిన మన దేశం సినిమా. ఇక్కడ రిలీజ్ చేసింది మన రానా కంపెనీ, చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో నేను చూసిన షోలో పదిహేను మంది ఉంటారేమో. మలయాళీ నర్సులు, ముంబై వాన, లోకల్ ట్రైన్లు, కథ నింపాదిగా నడుస్తుంది, నిద్రొస్తుందేమో అనుకుని వెళ్ళాను, రాలేదు. పూణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో 2015 సమ్మెలో ఉన్న విద్యార్థిని ఆవిడ, కేసు కూడా పెట్టారు. అదే మనిషి కాన్స్ స్టేజీ ఎక్కితే అందరూ అభినందనలు చెప్పారు.

డల్లాస్_వరలక్ష్మి

మా ఊళ్ళో కూడా వారం ఆడింది, పక్క స్క్రీన్‌లో తెలుగు సినిమాకి పేపర్లు చించుతున్నారు. నేను ఈ నెలలో ఇంటి దగ్గర ఫ్రెండ్స్‌తో ఒక్కో వారం ఒక్కో సినిమా పెట్టుకుందామనుకుంటున్నా. 'చష్మే బద్దూర్', 'మిత్ర్', 'అలా మొదలైంది', 'విలేజ్ రాక్‌స్టార్స్'. తెలుగు పాతవి ఇంకొకటి కావాలి. 'చిన్నారి పాపలు' మంచి ప్రింటు ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే మెసేజ్ పెట్టండి, చచ్చి మీ కడుపున పుడతా.

విజయనగరం_మాస్టారు

ప్రింటు సంగతి మద్రాసులో ఒక పాత మిత్రుణ్ణి అడిగి చెబుతాను. ఈలోపు 'అంతా మన మంచికే' పెట్టుకో అమ్మా, పిల్లలు కూడా కూర్చుంటారు. బి.జయ గారిని కూడా మర్చిపోకండి, జర్నలిస్టుగా మొదలై 'చంటిగాడు', 'లవ్లీ' తీసి 2018లో వెళ్ళిపోయారు. ఆవిడ మీద ఎవరైనా విడిగా రాస్తే బాగుంటుంది.

తెనాలి_సుభద్ర

జయ గారి మీద నేను రాస్తాను మాస్టారూ, వచ్చే ఆదివారం. లక్ష్మీ సౌజన్య 'వరుడు కావలెను', నీరజ కోన 'తెలుసు కదా' చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే వాటి మీద కూడా రాయండి, కొత్తవాళ్ళ గురించి ఈ థ్రెడ్‌లో తక్కువైంది.

కృష్ణాభిమాని_గుడివాడ

అన్నీ రాశారు, మూడోరీలు మాత్రం నా ప్రశ్నకి ఇంకా జవాబు చెప్పలేదు. 'హేమాహేమీలు' చూశావా లేదా?

మూడోరీలు

లేదన్నా. లింకు పంపు.